పన్నెండు కట్టలు, పన్నెండు రాళ్ళు

ఆషాఢం గాలి ఆ రోజు తెల్లవారక ముందే మొదలైంది. ఆదోని పత్తి మార్కెట్టు వెనక వీధిలో, మేడ మీదున్న దేవదాసు ఆఫీసు తలుపుకు గడియ నిలవడం లేదు. జయన్న రెండుసార్లు లేచి వేశాడు. మూడోసారి లేవబోతుంటే అది దానంతటదే తెరుచుకుంది. గుమ్మంలో ఒక ముసలాయన. చంకలో ఎర్రగుడ్డ చుట్టిన కట్ట, చేతిలో ఇత్తడి తక్కెడ. జేబులో ఏదో బరువుండి చొక్కా ఒక పక్కకు వేలాడుతోంది.

"దేవదాసు సారంటే..."

"ఆయనే. రా, కూసో పెద్దాయనా," అన్నాడు జయన్న, బల్ల వెనక కూర్చున్న దేవదాసును చూపిస్తూ.

ముసలాయన కూర్చోలేదు. తక్కెడ పళ్ళాలు గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి.

దేవదాసు పదిహేనేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిన మిల్లులూ బోల్తాపడ్డ లారీలూ చూసి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చినవాడు. అది వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టాడు. జయన్న దేవనకొండ దగ్గరి మెట్టచేను అన్నకు అప్పజెప్పి వచ్చి, తొమ్మిదేళ్ళుగా ఆయన జీపు నడుపుతున్నాడు. సారు మాట్లాడకుండా ఉన్నప్పుడు దేన్ని చూస్తున్నాడో కనిపెట్టాలని చూడడం జయన్నకు ఒక ఆట. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ గెలవలేదు. ఇప్పుడు ఆయన చూస్తున్నది మనిషినా, కట్టనా, తక్కెడనా?

"జేబులో రాయెందుకన్నా?" అన్నాడు దేవదాసు.

ముసలాయన ఉలిక్కిపడి, గుండ్రటి నల్లరాయి తీసి బల్ల మీద పెట్టాడు. రాయికి ఒక పక్క కాస్త మైనం అంటించి ఉంది.

"నా పేరు యేసేపు సార్. ఎమ్మిగనూరు. పాత కార్ల సంఘం వాండ్ల గది నేనే సూసుకుంటా. నలభై ఒక్క ఏండ్లాయ."

సంగతి ఆయన నోట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరుల్లో పాత మోటారు కార్లున్నవాళ్ళు యాభై ఏళ్ళ కిందట ఒక సంఘం పెట్టుకున్నారు. పెట్టింది సుంకప్ప అనే పత్తి వ్యాపారి. నెలనెలా 'చక్రవార్త' అని ఒక పత్రిక ఆయనే తన చేత్తో స్టెన్సిల్ మీద రాసి, ఇంట్లో సైక్లోస్టైల్ మిషన్ మీద అచ్చు తీసి పంచేవాడు. పన్నెండేళ్ళు నడిచి ఆగిపోయింది. మిగిలినవి ఏడాదికొక కట్ట చొప్పున పన్నెండు కట్టలు. పురుగు పట్టకుండా మధ్యమధ్య వేపాకు పరిచి, ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన ఎర్రగుడ్డలో చుట్టి పెట్టినవాడు యేసేపు.

"నాకు సదువు రాదు సార్. పుటలు లెక్క పెట్టుకోలేను. అందుకని కట్టకొక రాయి ఏరి పెట్టుకున్న్యా. కట్ట ఒక పక్క, రాయి ఒక పక్క. నెలనెలా మొదటి ఆదివారం తూస్తా. పైకి లేసిందంటే ఏదో పోయినట్ల."

"బాగుందే!" అన్నాడు జయన్న. "నేనైతే జొన్నగిరి చేలకు పోయి వజ్రాలే ఏరుకొస్తుంటి."

యేసేపు నవ్వలేదు. ఈ మధ్య అనురాధ అనే కాలేజీ మేడమ్ పత్రికలన్నీ ఫోటోలు తీసి కంప్యూటర్లో దాస్తోంది. దసరాకు సంఘం పేరుమీద పుస్తకం వేయాలి. మంగళవారం పంతొమ్మిది వందల డెబ్బై ఐదో సంవత్సరం కట్ట విప్పితే ఆగస్టు సంచిక లేదు. దాని చోట తెల్ల కాగితాలున్నాయి. తాళంచెవి ఉన్నది యేసేపు ఒక్కడి దగ్గరే.

"ఈ పొద్దు సాయంత్రం నాలుగు గంటలకు మీటింగు. తాళంచెవి పెరుక్కుంటారంట. టేషన్లో రాసిస్తారంట. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టేది నేను సార్. దొంగ అనిపించుకున్న చేత్తో అదెట్ల పట్టేది?"

"మరి ఆ కట్టనే చంకలో పెట్టుకోని బస్సెక్కి వచ్చినావు గదప్పా," అన్నాడు జయన్న. "ఎవరన్నా సూసుంటే ఇదే దొంగతనం అందురు."

"సూపియ్యకుంటే సార్‌కెట్ల తెలుస్తాది?"

దేవదాసు అప్పటికే కట్ట విప్పుతున్నాడు. పత్రికలన్నీ మసక నీలి అక్షరాలతో, ప్రతి పుట మీదా వేపాకుల గోధుమరంగు మరకలతో ఉన్నాయి. జూలైకీ సెప్టెంబరుకూ మధ్య తెల్ల కాగితాలు. అవీ పండిపోయి పచ్చబారినవే. ఆకు మరక మాత్రం ఒక్కటీ లేదు. దేవదాసు లెక్కపెట్టాడు. పది.

డిసెంబరు సంచిక చివర ఆ ఏటి విషయసూచిక ఉంది. జయన్న పైకి చదివాడు. "ఆగస్టు, ప్రత్యేక సంచిక. పదహారు పుటలు. వాగు దాటిన మోరిస్. రాసినది సుంకప్ప."

"పదహారు పుటలంటే కాగితాలెన్ని?"

"రెండు పక్కలా అచ్చేసినారు గద. ఎనిమిది."

దేవదాసు ఊకొట్టి, కిటికీ మూసి, చువ్వకు తక్కెడ తగిలించాడు. ఒక పళ్ళెంలో కట్ట, ఇంకోదాంట్లో రాయి. గాలి ఆగాక కట్ట ఉన్న పళ్ళెం వేలెడంత కిందికి దిగి నిలిచింది.

"మొన్న ఆదివారమూ ఇట్లే వాలింది సార్. చెమ్మ పట్టిందేమో అనుకున్న్యా."

"మృగశిర పోయినా చినుకు లేదు. చెమ్మ యాడిదన్నా? తక్కిన కట్టలు?"

"సమంగానే ఉండాయి."

"ఈ రాళ్ళ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ముగ్గురికే. పెసిడెంటు గోవిందన్నకు, అంటే సుంకప్ప శెట్టి కొడుక్కు. సెక్రెటరీ కిరణ్‌కు. ఆ మేడమ్‌కు. పోయిన నెల ముగ్గురూ ఎవరికి వాళ్ళు వచ్చి కూసున్నారు. వచ్చినప్పుడంతా నేను టీకి పోతా గదా."

దేవదాసు లేచాడు. "జయన్నా, బండి తీ. గంట పదైంది."

* * *

గోవిందన్న దుకాణం దగ్గరే. యేసేపును జీపులోనే ఉంచి ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పత్తి సీజను కాదు గనుక యార్డు బోసిగా ఉంది. గాలికి ఎక్కడిదో పాత దూది నేల మీద పొర్లుతోంది. అరవై ఎనిమిదేళ్ళ గోవిందన్న ఒక రైతుకు ఎద్దుల కోసం పత్తిగింజలు తూస్తున్నాడు. ముల్లు నడిమికొచ్చి నిలిచింది. ఆయన చెయ్యి మళ్ళీ బస్తాలోకి పోయి ఇంకో దోసెడు తీసి వేసింది. పళ్ళెం రైతు వైపు వాలింది.

"ధర్మాత్ముడివి శెట్టీ," అన్నాడు జయన్న.

"ధర్మమేం కాదప్పా. మొగ్గు లేకుండా తూస్తే నాకు అన్నం సహించదు. మా నాయిన చేసిన అలవాటు," అని గోవిందన్న చేతులు దులుపుకున్నాడు. వచ్చిన పని చెప్పగానే ముఖం గంభీరమైంది. "యేసేపు మంచోడే. నేను కాదనను. కానీ తాళంచెవి వాని కాడుండె. నేనేం సేసేది?"

"పోయిన సంచికలో మీ నాయిన కథే ఉందంట గదా."

గోవిందన్న ముఖం వెలిగింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఆ ఏడు వాన మామూలు వాన కాదు. మంత్రాలయం పోయే దారిలో వాగు పొంగింది. అవతల యాత్రికుల బస్సు నిలిచిపోయింది. ఆడోళ్ళు, బిడ్డలు. మా నాయిన నల్ల మోరిస్ కారును నీళ్ళలోకి దించినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు! పదకొండు మందిని ఇవతలికి తెచ్చినాడు. ప్రతి ఏడూ సంఘం పండగ నాడు నేనే సెప్తా. మొన్న టీవీ వాండ్లకు సైతం సెప్పినా."

"అంత గొప్ప కథ రాసిన కాగితం పోయిందని బాధగా లేదా?"

"పోతే పోయింది. నాకు నోటికొచ్చు గదా," అన్నాడు గోవిందన్న. కథ చెప్పేటప్పుడు ఎగిరెగిరి పడిన చేతులు ఇప్పుడు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి.

మెట్లు దిగుతూ జయన్న, "పెద్దమనిషి," అన్నాడు.

"పెద్దమనిషే," అన్నాడు దేవదాసు. జీపు ఎమ్మిగనూరు దారి పట్టింది. వెనక సీట్లో యేసేపు కట్టను పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని, దారిలో గుంత తగిలినప్పుడల్లా "యేసయ్యా" అన్నాడు. జయన్నకు గేరు మీద చెయ్యి నిలవలేదు. పన్నెండున్నర. ఇంకా ఇద్దరు.

కిరణ్‌ది బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు. ముప్ఫై అయిదేళ్ళవాడు, మాట్లాడుతూనే మూడు ఫోన్లు చూసుకుంటున్నాడు.

"ఇంకేముంది సార్, ముసలోడే. పోయిన నెల హైదరాబాదు నుంచి పాత కాగితాలు కొనే ఆయన వచ్చినాడు. యేసేపుతో గంట మాట్లాడినాడు."

"ఆయన్ని పిల్చుకోని పోయింది ఎవరు?"

కిరణ్ ఫోన్లు పక్కన పెట్టాడు. "నేనే. అందులో తప్పేముంది? ఈడ చెదలకు పెట్టేదానికన్నా ఎవరన్నా దాచుకుంటే మేలు గదా. యేసేపు ఇయ్యనన్నాడు. గది బయటికి తరిమినాడు."

"ఆయన ఏవి అడిగినాడు?"

"కార్ల ఫోటోలు అంటించినవి. రాత ఒక్కటే ఉండేవి వద్దన్నాడు."

"ఈ కట్టలో మార్చి సంచిక నిండా ఫోటోలే. అది ముట్టలేదే?"

"అవును సార్. అది నాకు తట్టలేదు."

అనురాధ పత్రికల గదిలోనే దొరికింది. పాత మగ్గాల షెడ్డులో ఒక మూల గది అది. కిటికీ గట్టు మీద పదకొండు రాళ్ళు వరుసగా, నడుమ ఒకటి ఖాళీ. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నేనే ఈ గొడవ లేపినాను సార్. ఆయన్ని దొంగంటారని తెలిసుంటే నోరు మూసుకోనుందును."

"ఎన్ని కట్టలైనాయమ్మా?"

"నాలుగు. ఇది అయిదోది. ఏ కట్ట అయిపోయింది, తర్వాత ఏది అని వాట్సాప్‌లో నేనూ కిరణూ గోవిందన్న గారూ చెప్పుకుంటుంటాం."

"ఈ సంచిక మీకే కావాలనుకుంటే?"

"ఎత్తుకుపోయేది ఎందుకు సార్? ఫోన్లో ఒక ఫోటో తీసుకుంటే అయిపోతుంది."

దేవదాసు మొదటిసారి నవ్వాడు. ఆమె దగ్గర అదే కొలతలో కోసిన తెల్ల కాగితాలు ఒక దస్తా అడిగి తీసుకుని, గది గుమ్మంలో కూర్చున్నాడు. జయన్న వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. మూడయింది. మూడున్నర అయింది. యేసేపు భార్య ముత్తమ్మ వచ్చి గోడ పక్కన కొంగు కప్పుకుని కూర్చుంది. ఆమెను చూశాక జయన్న నడక ఇంకా ఎక్కువైంది.

"సార్, ఎవరో తెలిసిందా?"

"తెలిసింది. ఎందుకో తెలీదు. నువ్వూ చూసినావు జయన్నా. నీ కళ్ళ ముందరే జరిగింది."

జయన్న పొద్దుటి నుంచి చూసినవన్నీ మనసులో తిరగేశాడు. ఏదీ అతకలేదు.

* * *

నాలుగింటికి ముగ్గురూ గదిలో చేరారు. గోవిందన్న తెల్ల పంచెలో, ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. యేసేపు తాళంచెవి అప్పటికే బల్ల మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు.

"రాసిచ్చే ముందు నాదొక చిన్న పని," అన్నాడు దేవదాసు. దూలానికి తక్కెడ వేలాడదీసి, ఒక పళ్ళెంలో నల్లరాయి, ఇంకోదాంట్లో దొంగ కాగితాలు తీసేసిన కట్ట పెట్టాడు. కట్ట పైకి లేచింది. "ఆగస్టు సంచిక లేక ఇది తేలిపోయింది. తెల్ల కాగితాలు వేసి దీన్ని రాయికి సరిచెయ్యండి. ఒక్కొక్కరుగా."

"ఇదేమి ఆట సార్?" అన్నాడు కిరణ్.

"ఆటే అనుకో."

కిరణ్ గబగబా కాగితాలు పడేశాడు. ఏడింటికి ఆపి, "దగ్గర దగ్గర వచ్చింది, చాలు," అన్నాడు. దేవదాసు అవి తీసేసి తక్కెడ వదిలాడు. అనురాధ ఒక్కొక్కటే పరిచింది. ఎనిమిదోది పడగానే ముల్లు నడిమికి వచ్చింది. ఆమె అది నిలిచేదాకా చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

గోవిందన్న ముందుకు వచ్చాడు. వ్యాపారి చెయ్యి, తడబాటు లేదు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ముల్లు నిలువుగా నిలిచింది. ఆయన చెయ్యి ఆగలేదు. తొమ్మిది. పది. కట్ట వేలెడంత కిందికి వాలింది. అప్పుడు తృప్తిగా వదిలాడు.

జయన్నకు పొద్దుటి పత్తిగింజల దోసెడు కళ్ళ ముందు మెదిలింది.

"ఎనిమిదికే సమమైంది గదా గోవిందన్నా," అన్నాడు దేవదాసు మెల్లగా. "ఇంకా రెండెందుకు?"

గోవిందన్న తక్కెడ వైపు చూశాడు. తన చేతి వైపు చూసుకున్నాడు.

"బయటి దొంగైతే సంచిక లాక్కోని పోతాడు. కట్ట తేలిపోతే వానికేంటి?" అన్నాడు దేవదాసు. "తూకం సరిచేసినాడంటే, ఆదివారం యేసేపన్న తూస్తాడని తెలిసినవాడు. అంటే మీ ముగ్గురిలో ఒకరు. కొనేవాని కోసమైతే ఫోటోలున్న సంచిక పోవాల. అది ఉంది. చదువుకునేదానికైతే ఫోన్లో ఫోటో చాలు. ఇంక మూడో మాట. పోయినవి ఎనిమిది కాగితాలు, దాని చోట ఉన్నవి పది. లెక్కపెట్టి పెట్టినవాడు ఎనిమిదే పెడతాడు. ఈయన తక్కెడ మీద పెట్టినాడు, యేసేపన్న టీకి పోయినప్పుడు ఈ గదిలోనే. సమం తూకంతో ఆగడం చేతకాని చెయ్యి ఈ ముగ్గురిలో ఒక్కటే. పొద్దున పత్తిగింజలు తూసేటప్పుడూ ఆగలేదు. ఆ పది కాగితాలూ యాభై ఏండ్ల నాటివి, అంగట్లో దొరికేవి కావు. సైక్లోస్టైల్ మిషన్ యాడుందో అందరికీ తెలుసు. మిగిలిన కాగితాలూ ఆడే ఉంటాయి. మీ ఇల్లు నేను వెతకను గోవిందన్నా. మీరే సెప్పాల."

గాలికి తలుపు ఒకసారి కొట్టుకుంది. ఎవరూ లేచి వేయలేదు.

గోవిందన్న జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. తరువాత పంచె మడతలోంచి ఇంకో కవరు తీశాడు. "కాల్చేస్తామని రెండుసార్లు పొయ్యి కాడికి పోతిని. మా నాయిన చేతిరాత. చెయ్యాడలేదు. ఇంట్లో పెట్టి రావాలన్నా భయమే. నెల నుంచి ఇట్ల ఒంటి మీదే మోస్తాండా."

"ఆగస్టు సంచిక లేదంటే ఏమనుకుంటారనుకున్నారు?" అన్నాడు దేవదాసు.

"తూకం సరిగ్గుంటే ఆ నెల తెల్ల కాగితాలే కుట్టినారనుకుంటారు అనుకున్న్యా. యెనక సూచిక ఉంటాదని తెలీదప్పా. యేసేపు మీదికి వచ్చినాక..." ఆయన ముత్తమ్మ వైపు చూడలేకపోయాడు. "నిజం సెప్పేదానికి నోరు రాలేదు."

"ఏముంది దాంట్లో?" అన్నాడు కిరణ్.

గోవిందన్న కవరు అనురాధకు ఇచ్చాడు. "సదువమ్మా. నేను సదవలేను."

ఆమె విప్పింది. మసక నీలి అక్షరాలు, వేపాకు మరకలు. పైకి చదివింది.

"'ఊరంతా నన్ను పొగుడుతున్నారు. నేను తల వంచుకుని తిరుగుతున్నాను. వాగులోకి కారు దించినది నేను కాదు. నాకు ఈత రాదు, నాకు భయం వేసింది. మూడుసార్లూ కారు నడిపినవాడు మా డ్రైవరు లాజరు. మూడోసారి ఇంజనులోకి నీళ్ళు పోతే దిగి నడుముల లోతులో తోసుకొని వచ్చినాడు. నేను గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడినాను. అంతే. సంఘం సభ్యులు ఇది తెలుసుకోవాలని ఈ ప్రత్యేక సంచిక వేస్తున్నాను.'"

యేసేపు గోడకు ఆనుకున్నాడు.

"లాజరు అంటే..." అన్నాడు దేవదాసు.

"మా నాయిన," అన్నాడు యేసేపు. "మళ్ళ ఏడే పోయినాడు. నాకు పదమూడేండ్లు. మీయప్ప కారు తుడిసేవాడు అనేవాండ్లు అందరూ. నేనూ అదే అనుకుంటి."

ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోవిందన్న రెండు చేతులూ జోడించాడు. "అప్పుడు ఇది సదివినోళ్ళు ఎవరూ మిగల్లేదు. పండగల్లో సెప్పి సెప్పి నాకే నిజమై కూసున్యాది యేసేపూ. పుస్తకంలో ఇది పడితే మా నాయిన పేరేం కావాలని..."

"మీ నాయిన పేరుకేమైంది?" అన్నాడు యేసేపు. "ఆయనే గదా ఇంత రాసింది. చెడగొట్టింది నువ్వు." ఆ మాటలో కోపం ఉందో లేదో జయన్న తేల్చుకోలేకపోయాడు. గోవిందన్న దించిన తల ఎత్తలేదు.

దేవదాసు తాళంచెవి తీసి యేసేపు చేతిలో పెట్టాడు. యేసేపు దాన్ని మొలతాడుకు కట్టుకుని, సంచికను కట్టలో దాని చోట పెట్టి, పది తెల్ల కాగితాలూ బయట పెట్టి తూశాడు. ముల్లు నడిమికొచ్చి నిలిచింది. నలభై ఒక్క ఏళ్ళుగా అట్లే నిలిచేది. ఆ బరువులో ఏముందో ఆయనకు తెలియదు.

కట్ట మళ్ళీ చుట్టబోయి ఆగాడు.

"అమ్మా, మా నాయిన పేరు యాడుందో ఒక తూరి సూపీ."

అనురాధ చూపించింది. ఆయన వేలు మూడు అక్షరాల మీద మెల్లగా నడిచింది. చివరికి పోయి మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇదే పేరు తక్కిన కట్టల్లో కూడా ఉందేమో?"

"చూడాలి. ఉండొచ్చు."

"ఉంటే నేను గుర్తు పడ్తాలే," అని యేసేపు, నల్లరాయిని కిటికీ గట్టు మీద దాని ఖాళీలో పెట్టి, మొదటి కట్ట దించి ముడి విప్పడం మొదలుపెట్టాడు.

జయన్న వెళ్ళి తలుపు వేసి, గాలికి కాగితాలు లేవకుండా దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆదోనికి ఎప్పుడు బయల్దేరాలని అడగలేదు.